మూడోసారికి ముందు

ఎంటర్ నొక్కే ముందు ఆమె చూపుడువేలితో బల్ల మీద రెండుసార్లు తడుతుంది. ఒక తట్టు. కాస్త ఆగి ఇంకో తట్టు. అప్పుడు ఊపిరి పీల్చుకుని, తెర మీద తాను రాసిన వరుసను మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదువుకుంటుంది. మూడో తట్టు బల్ల మీద పడదు. ఎంటర్ మీద పడుతుంది.

ఆఫీసులో ఆ చప్పుడు అందరికీ అలవాటైపోయింది. ఆమెకు పని నేర్పిన పొడుగాయన ఎదుటి బల్ల దగ్గర కూర్చుంటాడు. "ఎవరో తలుపు తడుతున్నారు, తీయండయ్యా" అని ఏడిపిస్తూ ఉంటాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పేది కాదు.

మేనమామ దగ్గర నేర్చుకుంది. ఆయన చేపల మార్కెట్లో వేలంపాట పాడేవాడు. ఐసు కరిగి నీళ్ళు పారే సిమెంటు నేల మీద ఒక పెట్టె బోర్లించి, దాని మీద నిలబడి, చేతిలో కర్రముక్కతో పక్కనున్న స్తంభాన్ని కొట్టేవాడు. ఒకటోసారి. రెండోసారి. అక్కడ ఆగేవాడు. కొనేవాళ్ళ ముఖాలన్నీ చూపుతో ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు. మైకు ఉండేది కాదు. ఆయన ఈ చివర నోరు తెరిస్తే ఆ చివర ఐసు కొట్టేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. తండ్రి లేకపోవడంతో ఆమె చిన్నతనమంతా మామయ్య ఇంట్లోనే గడిచింది. సెలవు దొరికితే చాలు, ఆయన వెంటపడి మార్కెట్‌కి వెళ్ళేది. జనం కాళ్ళ సందుల్లోంచి జారిపోతూ తిరిగేది. అందుకని ఆయన చేపపిల్ల అని పేరు పెట్టాడు. ఉద్యోగం వచ్చి, తలలో తెల్లవెంట్రుకలు కనబడ్డాక కూడా ఆ పేరు పోలేదు.

రెండోసారి తర్వాత అంతసేపు ఎందుకు ఆగుతావని ఒకసారి అడిగింది.

"మూడోసారి అన్నాక ఇంక నా చేతిలో ఏముంటుందే? మాట దాటిపోతుంది. మనసు మార్చుకునేవాడు ఎవడైనా ఉంటే ఆ ఊపిరిలోనే మార్చుకోవాలి. వాడి కోసం ఆగుతా" అన్నాడు.

చెవి, గొంతు చూసే ఆసుపత్రి వెనక భాగంలో ఒక గదిలో ఆమె పనిచేస్తుంది. కిటికీ తెరిస్తే జనరేటరు, ఆరేసిన దుప్పట్లు. గదిలో రెండు బల్లలు, ఒక నీళ్ళ సీసా, చల్లగాలి సరిగా రాని ఏసీ. ఆమె నడిపే సర్వర్లు ఆ గదిలో లేవు. అవి ఎక్కడో దూరాన, ఇంకెవరివో గోడౌన్లలో అద్దెకు నడుస్తాయి. ఆమె వాటిని ఎన్నడూ చూడలేదు. తెర మీద, బొమ్మలూ బొత్తాలూ లేని నల్లటి కిటికీలో ఒక వరుస రాస్తుంది. అక్కడెక్కడో ఒక మిషను లేచి పనిలో పడుతుంది. ఇంకో వరుస రాస్తే దాని బరువు పక్క మిషను మీదికి మారుతుంది. మరో వరుసకి ఆనవాలు లేకుండా పోతుంది. వాళ్ళమ్మ ఇరుగుపొరుగుతో, మా అమ్మాయి కనపడని పనివాళ్ళకి చీటీలు రాస్తుంది, వాళ్ళు ఎన్నడూ ఎదురు చెప్పరు అని గొప్పగా చెప్పుకునేది. ఎదురు చెప్పరనేదే కూతురికి భయం.

ఆ మిషన్లలో గొంతులు ఉండేవి. జబ్బు చేసి గొంతు తీయించుకోవాల్సిన వాళ్ళు ఆపరేషనుకు ముందు వచ్చి, చప్పుడు చొరని చిన్న గదిలో కూర్చుని, ఇచ్చిన వాక్యాలు రోజుల తరబడి చదివేవాళ్ళు. దాంట్లోంచి ఆ మనిషి గొంతుకు ఒక అచ్చు తయారయ్యేది. ఆపరేషను అయ్యాక ఫోనులో ఒక మాట రాస్తే, అది దూరాన ఉన్న మిషను దగ్గరికి వెళ్ళి, ఆ మనిషి గొంతు తొడుక్కుని తిరిగొచ్చేది. ఇదంతా మొదలుపెట్టింది డాక్టరమ్మ. మాట పోయినవాళ్ళకి మాట నేర్పడం ఆమె వృత్తి. రోగుల అసలు పేర్లు బయటపడకూడదని ఒక్కో గొంతుకి ఒక్కో ముద్దుపేరు పెట్టేది. ఇస్త్రీ తాత. లెక్కల టీచరు. నవ్వుల పిన్ని.

మామయ్యకి గొంతులో పుండు లేచింది. తీసేయక తప్పదన్నారు. ఆమే దగ్గరుండి ఆ చిన్న గదిలో కూర్చోబెట్టింది. ఇచ్చిన కాగితం చూసి ఆయన ముఖం చిట్లించాడు.

"ఇవేం మాటలే? ఉద్యానవనంలో పుష్పాలు వికసించాయంట. నేను పుట్టాక ఇలాంటి మాట అన్నానా?"

అయినా బుద్ధిగా చదివాడు. ఆఖరి రోజు వాక్యాలన్నీ అయిపోయాక, అద్దం అవతల నిలబడ్డ ఆమెను చూసి, బల్ల మీద వేలితో కొట్టి, ఒక బుట్ట చేపల వేలం మొత్తం పాడాడు. చేపలు లేవు. కొనేవాళ్ళు లేరు. ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. ఆగాడు. మూడోసారి అనకుండానే లేచి బయటికొచ్చాడు. "మిగతాది నువ్వు చూసుకో" అన్నాడు. ఆ పాటను కూడా ఆమె ఆయన గొంతుతో పాటు దాచింది. డాక్టరమ్మ ఆ గొంతుకి వేలం మామ అని పేరు పెట్టింది.

తర్వాత ఆయన మెడలో రంధ్రం మిగిలింది. జేబులో ఫోను చేరింది. అందులో ఆ వేలంపాటకి కూడా ఆమె ఒక బొత్తాం పెట్టింది. ఫోనులోంచి మామయ్య గొంతే పలికేది. గొంతు తీస్తే ఇల్లు నెమ్మదిస్తుందనుకున్నా, ఇప్పుడు నోరు తెరవకుండానే తిడుతున్నాడు అని అత్తయ్య అందరికీ చెప్పి నవ్వేది. రోజూ అనే మాటలు ఆయన మళ్ళీ మళ్ళీ రాసేవాడు కాదు. పాతవాటి మీద వేలు పెడితే అవే పలికేవి.

అసలు సంగతి జరిగింది ఒక రోజు మధ్యాహ్నం టీ తర్వాత.

వాళ్ళ దగ్గర గొంతులు పలికించే ఆ యాప్ రెండు చోట్ల నడిచేది. ఒకటి అసలుది. రోగుల ఫోన్లు మాట్లాడేది దానితోనే. ఇంకోటి కొత్త మార్పులు పెట్టి చూసుకోవడానికి. దాన్ని ఉత్తుత్తిది అనేవాళ్ళు. ఉత్తుత్తిదాన్ని వారానికోసారి తుడిచేసి మళ్ళీ కట్టేవాళ్ళు. తుడవమని రాసినప్పుడల్లా, ఆ వరుసలు అందుకుని మిషన్ల చేత పని చేయించే పనిముట్టు, నిజంగానే తుడవమంటావా, అయితే దాని పేరు పూర్తిగా రాయి అని అడిగేది. అడిగి అడిగి ప్రాణం తీస్తోందని పొడుగాయన ఎప్పుడో ఆ వరుస చివర ఒక మాట చేర్చాడు. అడగొద్దు అని దాని అర్థం. అప్పటి నుంచి అది అడగడం మానేసింది.

ఆ పనిముట్టుకి ఇంకో గుణం ఉంది. చివరిసారి ఏ చోట పని చేయించుకున్నారో అక్కడే నిలబడి ఉంటుంది. తర్వాత ఏం చెప్పినా అక్కడే చేస్తుంది. పొరపాటు పడకూడదని వాళ్ళు అసలుదాని కిటికీకి ఎర్ర అంచు, ఉత్తుత్తిదానికి పచ్చ అంచు పెట్టుకునేవాళ్ళు. ఆ వారం ఆమెకి కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. అందులో అంచులు ఇంకా పెట్టుకోలేదు. సాయంత్రం పెట్టుకుందాం అనుకుంటూనే సాయంత్రాలు గడిచాయి.

ఆ రోజు పొద్దున నవ్వుల పిన్ని ఫోనులో మాట తడబడుతోందని కబురొస్తే ఆమె అసలుదానిలోకి వెళ్ళి చూసింది. సరిచేసింది. టీ తాగొచ్చి కూర్చుంది. వారం వారం రాసే వరుసే రాసింది. బల్ల మీద తట్టింది. ఇంకోసారి తట్టింది. ఊపిరి పీల్చుకుని చదువుకుంది. అక్షరం పొల్లుపోలేదు. ఎంటర్ నొక్కింది.

వరుసలో తప్పు లేదు. నిలబడ్డ చోటు తప్పు. ఎక్కడ నిలబడ్డావన్నది ఆ వరుసలో ఉండదు.

ఉత్తుత్తిదాన్ని తుడవడానికి కనురెప్ప పాటు చాలు. ఈసారి తెర మీద వరుసలు పారుతూనే ఉన్నాయి. నెట్ నెమ్మదిగా ఉందేమో అనుకుంది. నీళ్ళ సీసా మూత తీసింది. అప్పుడు ఇస్త్రీ తాత అన్న మాట కింది నుంచి పైకి పోవడం కనిపించింది. దాని వెనక లెక్కల టీచరు. ఉత్తుత్తిదానిలో ఆ పేర్లు ఉండవు. ఆపమని రెండు మీటలు కలిపి నొక్కింది. నొక్కేలోపే వేలం మామ వచ్చి, పైకి పోయి, కనబడకుండా పోయాడు.

తెర ఆగింది. పొడుగాయన లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు.

"ఆగింది తెరేనమ్మా. చీటీ అక్కడికి అందిపోయింది" అన్నాడు.

తర్వాత వాళ్ళిద్దరూ చేయగలిగినవన్నీ చేశారు. అవి ఎక్కువ లేవు. గొంతులకు నకళ్ళు ఉండేవి. కానీ అదే యాప్‌లో ఒక మూల పెట్టారు. ఇల్లు కాలిపోతే ఇంట్లో పెట్టె మిగలనట్టు అవీ మిగల్లేదు. వేరే చోట పెట్టాలి, పెట్టాలి అని పొడుగాయనే అంటూ వచ్చాడు. చిన్న గదిలో చదివించిన రికార్డింగులు ఉంటాయేమో అని డాక్టరమ్మను అడగబోయి ఆగిపోయింది. అచ్చు తయారవగానే ఆ రికార్డింగులు చెరిపేస్తానని రోగులకు మాటిచ్చింది డాక్టరమ్మ. ఆమె మాట తప్పే మనిషి కాదు. మిషన్లు అద్దెకిచ్చిన వాళ్ళకి రాశారు. మర్యాదగా జవాబొచ్చింది. మీరే తుడవమన్నారు కాబట్టి తిరిగి తేలేమని, మీ ఇబ్బందికి చింతిస్తున్నామని. పొడుగాయన బతిమాలుతూ ఇంకోసారి రాశాడు. కింద వేరే మనిషి పేరుతో అదే వాక్యం వచ్చింది.

డాక్టరమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అందరివీనా?"

"అందరివీ."

అరిచి ఉంటే బాగుండేది. ఆమె అరవలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. అడగొద్దు అని రాసింది నేను అన్నాడు పొడుగాయన. నొక్కింది నేను అంది ఆమె. ఆ రెండు మాటలూ ఎవరికీ అక్కరకు రాకుండా గదిలో ఉండిపోయాయి. చివరికి డాక్టరమ్మ, రేపు పొద్దున అందరికీ ఒకేసారి కబురు పంపుదామంది. అప్పటిదాకా ఒక్క మాట బయటికి పోకూడదంది.

"మీ మామయ్యకి కూడా చెప్పకు. ఒకళ్ళకి ముందు, ఒకళ్ళకి వెనక తెలిస్తే బాగుండదు. నీకు కష్టమే. తెలుసు."

ఫోన్లలో మిగిలేది ఏమిటన్నది పొడుగాయన తేల్చాడు. ఈ మధ్య పలికిన గుప్పెడు మాటలను ఒక్కో ఫోను తన దగ్గరే ఉంచుకుంటుంది. అవి మాత్రం ఇంకా సొంత గొంతులోనే పలుకుతాయి. కొత్త మాట రాస్తే అది ఫోను తయారుచేసినవాళ్ళు పెట్టిన గొంతులో వస్తుంది. ఎవరో పడుచుపిల్ల గొంతు. దాచుకునే చోటు చిన్నది. కొత్త మాట ఒకటి లోపలికి రాగానే పాతది ఒకటి బయటికి పోతుంది. ఆ మాటలను ఫోనులోంచి కాపీ చేసే దారి లేదు. రోగి గొంతును ఎవరూ కాజేయకూడదని, ఆ దారిని ఎన్నడో ఒక వరుస రాసి మూసేసింది ఆమే.

సాయంత్రం ఆమె బస్సు తమ వీధి దగ్గర దిగలేదు. మామయ్య వీధి దాకా వెళ్ళింది.

తలుపు తీస్తూనే అత్తయ్య అంది. "రావే. ఈ వయసులో మీ మామయ్య ఇంట్లోకి ఒకత్తెను తెచ్చిపెట్టాడు. మధ్యాహ్నం నుంచీ నన్ను ఒసేయ్ అని పిలుస్తోంది."

మామయ్య బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి ముఖం వెలిగింది. వేలితో గబగబా రాశాడు. పడుచుపిల్ల పలికింది.

"చేపపిల్లా, నా గొంతు ఎవరో ఎత్తుకుపోయారు."

భుజాలు కదిలేలా నవ్వాడు. చప్పుడు లేదు. ఆమె కూడా నవ్వాలని చూసింది. ఎక్కడో చిన్న ఇబ్బంది వచ్చిందని, చూస్తున్నారని నీళ్ళు నమిలింది. ఆయన ఇంకా సరదాలోనే ఉన్నాడు. ఏ మాట ఎలా పలుకుతుందో చూపించడం మొదలుపెట్టాడు. వాన అని రాశాడు. పడుచుపిల్ల వాన అంది. కిటికీ అని రాశాడు. మీ అత్తయ్య అరుస్తుంది అని రాశాడు. ఒక్కో మాటకీ లోపల ఎక్కడో ఆయన మాట ఒకటి జారిపోతోంది. ఏది పోతోందో తెలియదు. ఆమె బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"మామయ్యా, ఇవాళ్టికి దాన్ని పక్కన పెట్టు."

"ఎందుకు?" అంది పడుచుపిల్ల. ఇంకొకటి పోయింది.

పోనీ ఫోను తనతో ఇవ్వమని, రేపు పొద్దునే తెచ్చిస్తానని అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. రాత్రిళ్ళు మెడలో తెమడ అడ్డం పడితే పక్క గదిలో ఉన్న మనిషిని ఎలా పిలవను అని రాశాడు. అత్తయ్య టీ తెచ్చి పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి, పాత మాటొకటి నొక్కాడు.

"టీ చల్లారిపోయింది."

అది ఆయన గొంతు. మార్కెట్ ఆ చివరిదాకా వెళ్ళిన గొంతు, చిన్నదై, విసుగ్గా, బతికే ఉంది. అత్తయ్య గిరుక్కున తిరిగి, హమ్మయ్య వచ్చింది అంది. మామయ్య మేనకోడలి వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమలెగరేశాడు. తర్వాత వేలంపాట ఉన్న బొత్తాం నొక్కాడు. దొరకలేదు అంది పడుచుపిల్ల. మళ్ళీ నొక్కాడు. దొరకలేదు.

నవ్వు పోయింది. ఆయన ఫోనును బల్ల మీద బోర్లించాడు. ఆమె ముఖంలోకి చూశాడు. చూపుడువేలితో బల్ల మీద ఒకసారి తట్టాడు. ఇంకోసారి తట్టాడు. ఆగాడు.

ఆ చూపు ఆమెకు తెలుసు. పెట్టె మీద నిలబడి, మనసు మార్చుకునేవాడి కోసం ముఖాలన్నీ వెతికే చూపు అది. నిజం నోటిదాకా వచ్చింది. డాక్టరమ్మ మాట అడ్డం పడిందా, తన పిరికితనమే అడ్డం పడిందా అని తర్వాత బస్సులో ఆలోచించింది. తేలలేదు. అప్పుడు మాత్రం లేచి, బస్సు దాటిపోతుంది మామయ్యా అంది. ఆయన మూడోసారి తట్టలేదు. ఫోను తిప్పి ఏదో రాశాడు. గుమ్మం దాకా వెళ్ళిన ఆమెకి వెనక నుంచి పడుచుపిల్ల గొంతు వినబడింది.

"నువ్వున్నావుగా."

ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది. అసలు కిటికీకి ఎర్ర అంచు పెట్టింది. ఉత్తుత్తిదానికి పచ్చ అంచు పెట్టింది. ఎర్ర అంచు లోపల ఏముందో చూపించమని రాసింది. తట్టకుండానే నొక్కింది. ఏమీ లేదని వచ్చింది.

మర్నాడు పొద్దున, ఆసుపత్రి కబురు ఎవరికీ అందకముందే, ఆమె మామయ్య ఇంట్లో ఉంది. అత్తయ్య పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఆయన అదే బల్ల దగ్గర, అదే కుర్చీలో ఉన్నాడు. ఆమె కూర్చోలేదు. బల్ల మీద రెండుసార్లు తట్టింది.

"నేనే చెరిపేశా మామయ్యా. వేరేది అనుకుని. నీదే కాదు, అందరివీ. ఇంక తిరిగి రావు."

ఆయన ఫోను అందుకోబోయాడు. ఆమె దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమీ రాయకు. రాస్తే ఉన్నవి కూడా పోతాయి. తిట్టాలంటే తర్వాత తిట్టు. ఇప్పుడు పాతవి మాత్రం ఒక్కొక్కటీ నొక్కు."

ఆయన ఆమె చెయ్యి కింద ఉన్న ఫోను వైపు చూశాడు. తర్వాత పెరటి తలుపు వైపు చూశాడు. ముఖంలో ఏముందో ఆమె చదవలేకపోయింది. చెయ్యి తీసేసింది. తన ఫోను ఆయన ఫోను పక్కన పెట్టి రికార్డింగ్ నొక్కింది. కాపీకి దారి లేదు కాబట్టి గాలిలోకి వచ్చాకే పట్టుకోవాలి.

ఆయన మొదటి మాట మీద వేలు పెట్టాడు. నొక్కాడు.

"టీ చల్లారిపోయింది."

"ఆ ఫ్యాను తగ్గించు."

"టీవీ కట్టేయ్, చెవులు చిల్లులు పడుతున్నాయి."

తర్వాతది వాన. పడుచుపిల్ల. దాని తర్వాత కిటికీ. అవి కూడా ఆమె ఆపకుండా రానిచ్చింది. చిట్టచివర, అన్నిటికంటే కింద, ఒక పాత మాట మిగిలి ఉంది. మామయ్య దాని మీద వేలు పెట్టి కాసేపు ఆగాడు. నొక్కాడు.

"ఏమే, ఎక్కడున్నావ్?"

"వస్తున్నా, ఉండండి" అని పెరట్లోంచి అత్తయ్య కేకేసింది. తడి చేతులు తుడుచుకుంటున్న చప్పుడు, చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చాయి. ఆమె రికార్డింగ్ ఆపలేదు.